చూపు హాజరు

విద్యార్థి చదువుతున్నదీ లేనిదీ కళ్లు ఎటు ఉన్నాయో చూసి తేల్చేయవచ్చని మా ఆన్‌లైన్ విశ్వవిద్యాలయం తీర్మానించిన రోజున ఆ కమిటీలో నేనూ ఉన్నాను. తీర్మానం చదివేటప్పుడు నేను కిటికీ అవతల ఒక గోరింక గూడు కట్టుకోవడం చూస్తున్నాను. "భీమశంకరం గారూ, మీ అభిప్రాయం?" అని ఎవరో అడిగారు. "చాలా ఓపిగ్గా కడుతోందండి" అన్నాను. మినిట్స్‌లో 'సభ్యులు హర్షం వ్యక్తం చేశారు' అని రాసుకున్నారు. కాబట్టి తర్వాత జరిగినదానికి నేనూ బాధ్యుణ్నే.

కాకినాడలో ముప్ఫై రెండేళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అనుభవజ్ఞుణ్నని ఈ విశ్వవిద్యాలయం వాళ్లు కమిటీల్లో వేసుకున్నారు. మా ఆవిడ సుభద్ర పోయి మూడేళ్లయింది. ఇంటి నుంచే చేసుకునే పని, 'చూపు పర్యవేక్షకుడు' అన్నారు గనక దరఖాస్తు పెట్టాను. నిజం చెప్పాలంటే పని మీద కోరికతో కాదు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ముప్ఫై ఆరు ముఖాలు మా హాల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఒకడు ఇడ్లీ తింటుంటాడు. ఒకమ్మాయి తడిజుట్టు దులుపుకుంటుంటుంది. ఒకరి వెనకాల వాళ్ల నాయనమ్మ ఎవరినో తిడుతుంటుంది. ఎవరూ నాతో మాట్లాడరు. అయినా ఇంట్లో మనుషులున్నట్టుంటుంది. ఆ మాత్రం చాలు నాకు.

నిబంధన తేలికే. పాఠం యాభై నిమిషాలు. తెర మీద చూపు ఉన్నంతసేపూ ముఖం పక్కన పచ్చదీపం. అయిదు సెకన్లు చూపు తప్పితే పసుపు. మూడు పసుపులైతే ఎరుపు, అంటే ఆ పాఠానికి గైర్హాజరు. నూటికి డెబ్బై అయిదు తగ్గితే హాల్‌టికెట్ లేదు. వాళ్లు చూస్తున్నారో లేదో నేను చూడాలి. నేను చూస్తున్నానో లేదో ఆ సాఫ్ట్‌వేరే చూస్తుంది.

మొదటి నెలలో ముందుగా దెబ్బతిన్నవాళ్లు నోట్సు రాసుకునేవాళ్లు. రాయాలంటే తల వంచాలి కదా. తర్వాత, ఆలోచించేటప్పుడు కళ్లు మూసుకునే అలవాటున్నవాళ్లు పోయారు. పెద్దాపురం నుంచి చదివే ఒక కుర్రాడు కళ్లు తెరుచుకునే నిద్రపోవడం సాధన చేసి నూటికి నూరు తెచ్చుకున్నాడు. వాడికి నేనే ప్రశంసాపత్రం పంపాను. ఇంకా లేచినట్టు లేడు, జవాబు రాలేదు.

మేడిశెట్టి ఝాన్సీ గడిలో మాత్రం చాలా రోజులు ఒక నీలంరంగు గోడా, ఒక టేబుల్ ఫ్యానూ ఉండేవి. ఆమె చూపు హాజరు ముప్ఫై ఒకటి. అసైన్‌మెంట్లలో మాత్రం క్లాసుకి మొదటిది. ఇదేమిటో కనుక్కుందామని ఫోన్ చేశాను.

"అమ్మా, నేను చూపు పర్యవేక్షకుణ్ని మాట్లాడుతున్నాను."

"కంటాసుపత్రా అండీ? మా ఇంట్లో అందరి కళ్లూ బాగానే ఉన్నాయండీ."

"ఆసుపత్రి కాదమ్మా. నీ కంపెనీ చట్టం క్లాసు. భీమశంకరాన్ని."

"అయ్యో, మేష్టారా! అలా చెప్పరేంటండీ."

"క్లాసులో కనబడవేమ్మా?"

"క్లాసులోనే ఉంటానండి. డాబా మీదుంటాను. చెవిలో పెట్టుకుని నడుస్తానండి. కూర్చోబెట్టారనుకోండి, ఫ్యాను ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో చెప్తాను గానీ పాఠం చెప్పలేను."

"నడిస్తే మాత్రం చెప్పగలవా?"

చెప్పింది. మొన్నటి పాఠం మొత్తం, చెప్పిన లెక్చరర్ రెండుచోట్ల తడబడ్డ సంగతితో సహా. ఆమె ముగించేసరికి నేనేం అడిగానో నాకు గుర్తులేదు. మధ్యలో మా మందారానికి పిండినల్లి పట్టినట్టు అనుమానం వచ్చి బాల్కనీలోకి వెళ్లాను.

ఆమె వయసు పాతికేళ్లు. మధ్యాహ్నం నుంచి ఒక కొరియర్ ఆఫీసులో పార్సెళ్లు సర్దుతుంది. ఏడీహెచ్‌డీ, అంటే శ్రద్ధ ఒకచోట నిలవని లోపం, అని రెండేళ్ల కిందట డాక్టరు రాసిచ్చారు.

"ఆ పేరు విని మా అమ్మ ఏడ్చిందండి. నేను నవ్వాను. ఇన్నేళ్లూ అందరూ పొగరన్నారు కదండీ, నేనూ పొగరే అనుకున్నాను."

"ముందు మామూలు కాలేజీలో చేరలేదా?"

"రెండిటిలో చేరానండి. ఒకదాంట్లో కాళ్లు ఊపుతున్నానని రోజూ వరండాలో నిలబెట్టేవోరు. ఆ నిలబడి విన్న పాఠాలే ఇప్పటికీ గుర్తున్నాయి. ఇది దొరికాక బతికిపోయాననుకున్నానండి. ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, ఒక్క ముక్కే పదిసార్లు వినొచ్చు. ఏ మేష్టారూ విసుక్కోరు. ఇప్పుడు మళ్లీ ఈ కళ్ల గొడవ పెట్టేరు."

అందరికీ ఈ చదువు పడుతుందని కాదు. అలాంటి చీటీయే ఉన్న ఇంకొకతను మా క్లాసులోనే ఉండేవాడు. పక్కన నలుగురు చదువుతుంటే తప్ప తను పుస్తకం తెరవలేనని, తెర ముందు ఒక్కణ్నే కూర్చోబెడితే సాయంత్రానికి గోడలన్నీ చదివేస్తున్నానని చెప్పి మామూలు కాలేజీకి మారిపోయాడు. అతనికి అది మంచిది. ఈమెకి ఇది మంచిది. ఎవరికేది మంచిదో వాళ్లనే అడగవచ్చని మా కమిటీలో ఎవరికీ తోచలేదు. నాకు తోచేదేమో, గోరింక లేకపోతే.

"ఇంకొక్క పేపరే ఉందండి మేష్టారూ. ఈ మార్చితో ఆరేళ్ల గడువు నిండిపోతుంది. ఇప్పుడు హాల్‌టికెట్ రాకపోతే ఇప్పటిదాకా పాసైనవన్నీ కూడా కొట్టేస్తారంటండి. నిజమేనా?"

నిజమే. ఆ నిబంధన నేను పెట్టింది కాదు. పెట్టేటప్పుడు అక్కడే ఉన్నాను, అంతే.

"సడలింపు ఉందమ్మా, కంగారుపడకు" అన్నాను కాస్త గర్వంగా. ఆ కమిటీలోనూ నేను సభ్యుణ్ని.

దాని పేరు 'శ్రద్ధాలోప ధ్రువీకరణ దరఖాస్తు'. నలభై ఎనిమిది పేజీలు. కెమెరా ముందు కూర్చుని, ఒకే విడతలో, తొంభై నిమిషాల్లో నింపాలి. అయిదు సెకన్లు చూపు తప్పితే నింపినదంతా చెరిగిపోయి మళ్లీ మొదటి పేజీ వస్తుంది. అసలు అది నలభై ఒక్క పేజీలే. శ్రద్ధ కుదరని పిల్లలు కదా, ఇబ్బంది పడతారేమోనని జాలిపడి 'ప్రశాంతంగా నింపుట ఎట్లు' అని ఏడు పేజీల సూచనలు చేర్పించింది నేను. మానవీయ దృక్పథం అని డైరెక్టర్ గారు మెచ్చుకున్నారు కూడా.

మొదటిసారి ఝాన్సీ ఇరవై తొమ్మిదో పేజీలో ఉండగా వీధిలో ఉప్పుచేపల బండి వచ్చింది. రెండోసారి ముప్ఫై ఏడో పేజీలో గ్యాసు బుక్ చేయలేదని గుర్తొచ్చింది. మూడోసారి పూర్తిచేసింది.

"ఎలా చేశావమ్మా?"

"మా అమ్మ వెనకాల నిలబడి నా రెండు చెవులూ పట్టుకుందండి. తొంభై నిమిషాలూ. ఇద్దరికీ జొరం వచ్చేసింది."

మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. 'తమరు నలభై ఎనిమిది పేజీలను అవిచ్ఛిన్న ఏకాగ్రతతో పూరించియున్నందున తమకు శ్రద్ధాలోపము లేదని విశ్వవిద్యాలయము సహర్షముగా ధ్రువీకరించుచున్నది. సడలింపు నిరాకరించడమైనది. తమ ఆరోగ్యమునకు అభినందనలు.'

ఏకాగ్రతా విభాగం డైరెక్టర్ డాక్టర్ త్రివిక్రమరావు గారికి ఫోన్ చేశాను. ఆయన మాట్లాడేటప్పుడు కూడా పేరాలు పేరాలుగా మాట్లాడతారు.

"సర్, ఫారం నింపినవాళ్లకి లోపం లేదంటున్నాం. నింపలేకపోతేనో?"

"అసంపూర్ణ దరఖాస్తు. పరిశీలనకు స్వీకరించబడదు."

"మరి సడలింపు ఎవరికండీ?"

"అర్హులకు."

"ఇప్పటిదాకా ఎందరికి వచ్చిందండీ?"

"శంకరం గారూ, మన విధానం ఎంత పటిష్ఠమైనదంటే, నేటి వరకూ ఒక్క అనర్హుడు కూడా లబ్ధి పొందలేదు. ఒక్కడు కూడా! ఏ విశ్వవిద్యాలయం చెప్పుకోగలదు ఈ మాట?"

"ఆ అమ్మాయికి ఆరేళ్ల గడువు అయిపోతోందండి. ఇంకే దారీ లేదా?"

కాగితాల చప్పుడు వినబడింది. "నిబంధన పద్నాలుగు. విశిష్ట పర్యవేక్షక సిఫారసు. సొంత చూపు హాజరు తొంభై తొమ్మిది దాటిన పర్యవేక్షకులు సిఫారసు చేసినచో, అది ఫారమునకు సమానము. అయితే ఆ స్థాయిని ఇంతవరకూ ఎవరూ అందుకోలేదు. ఎవరైనా అందుకోవాలనే మా ఆకాంక్ష."

ఫోన్ పెట్టేసి కూర్చున్నాను. నా సంగతి నాకు తెలుసు. పది నిమిషాలు తెర వైపు చూస్తే పదకొండో నిమిషం నేను బాల్కనీలో ఉంటాను. ఎనిమిది నెలలుగా నా చూపు హాజరు పేజీ తెరవలేదు, సిగ్గేసి. ఆవేళ తెరిచాను. తొంభై తొమ్మిది పాయింట్ ఏడు అని ఉంది.

ఎలా వచ్చిందని ఆలోచించాలి కదా. ఆలోచించలేదు. మనిషికి మంచి మార్కులు వస్తే అనుమానం రాదు, తన గురించి తనకే గౌరవం వస్తుంది. 'చూశావా, తెలియకుండానే ఎంత నిష్ఠగా ఉన్నాను' అనుకుని, అక్కడికక్కడే ఝాన్సీకి సిఫారసు రాసి పంపేశాను.

మర్నాడు డైరెక్టర్ గారే ఫోన్ చేశారు. గొంతు తడిగా ఉంది.

"శంకరం గారూ! ఈ వయసులో! తొంభై తొమ్మిది పాయింట్ ఏడు! ఇది వ్యక్తిగత విజయం కాదు, వ్యవస్థాగత విజయం. శుక్రవారం నాలుగు వందలమంది పర్యవేక్షకులకు వెబినార్ ఏర్పాటు చేశాను. మీ పద్ధతిని ప్రత్యక్షంగా ప్రదర్శించాలి. తదనంతరం మీ సిఫారసును ఆమోదిస్తాం."

శుక్రవారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని తెర ముందు కూర్చున్నాను. ఇంకో పదినిమిషాలు టైముంది. నా దీపం పసుపుగా ఉంది. వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చుకుంటూ చూస్తే పచ్చగా వెలుగుతోంది. కూర్చున్నాను. పసుపు. లేచాను. పచ్చ. నా కుర్చీ వెనక గోడకి సుభద్ర ఫోటో ఉంది, దండతో. ఎనభై ఏడులో స్టూడియోలో తీయించింది. రెప్ప వేయొద్దని ఫోటోగ్రాఫర్ గట్టిగా చెప్పాడట, సూటిగా చూస్తుంది. నేను లేచిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్‌కి ఆవిడ కనబడింది. ఎనిమిది నెలల్లో నేను ఎంతసేపు కూర్చున్నానో నూటికి తక్కువైన ఆ పాయింట్ మూడు చెబుతోంది.

నిజం చెబితే సిఫారసు పోతుంది, సిఫారసు పోతే ఝాన్సీ ఆరేళ్లూ పోతాయి. చెప్పకపోతే, నాలుగు వందలమంది ముందు పసుపుదీపంతో కూర్చోవాలి. నేను నిర్ణయించుకునేలోపు వెబినార్ మొదలైంది. ధైర్యం గురించి నాకు ఎప్పుడూ ఇదే అనుభవం, నేను తెచ్చుకునేలోపు పని అయిపోతుంది.

"సహజంగా ఉండండి" అన్నారు డైరెక్టర్ గారు.

సహజంగా ఉన్నాను. పసుపు. ఒక నిమిషమైంది. ఎరుపు. ఎవరో దగ్గారు. మంచినీళ్ల కోసం లేచాను. నాలుగు వందలమంది చూస్తుండగా పచ్చదీపం వెలిగింది.

గ్లాసుతో తిరిగొచ్చి కూర్చున్నాను.

"శంకరం గారూ, మీ వెనకనున్న ఆవిడ ఎవరు?"

"మా ఆవిడండి. సుభద్ర."

"ఆవిడ మన సంస్థ ఉద్యోగినా?"

"కాదండి. ఆవిడ పోయారు."

"ఎప్పుడు తిరిగొస్తారు?"

"మూడేళ్లయిందండి" అన్నాను. డైరెక్టర్ గారు అప్పుడు దండ చూశారు. కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నాలుగు వందలమందీ లేచి నిలబడ్డారు. నలభై ఏళ్ల కాపురంలో సుభద్రకి ఇంతమంది లేచి నిలబడటం నేను చూడలేదు. కళ్లు తుడుచుకున్నాను. ఆ క్షణానికి కూడా నాకు పసుపే పడింది.

ఉత్తర్వు సోమవారం వచ్చింది. సాఫ్ట్‌వేర్ పొరపాటు పడిందని ఒప్పుకోవడానికి వీల్లేదు. అది పొరపాటు పడదని మూడు ఇతర విశ్వవిద్యాలయాలకి లిఖితపూర్వకంగా హామీ ఇచ్చి ఉన్నారు. కనుక పొరపాటు మనుషుల్లో వెతికి ఇలా రాశారు:

'గత ఎనిమిది మాసములుగా పర్యవేక్షణ నిర్వహించినది శ్రీమతి సుభద్ర గారేనని సాఫ్ట్‌వేర్ నిర్ద్వంద్వముగా నిర్ధారించినందున, వారిని వెనుకటి తేదీ నుండి విశిష్ట పర్యవేక్షకురాలిగా నియమించడమైనది. జీవించియుండుట అనునది నియామక అర్హతలలో పేర్కొనబడలేదు. శ్రీ భీమశంకరం వారికి సహాయకునిగా కొనసాగవలెను. సహాయకుని సిఫారసు చెల్లదు. సదరు విద్యార్థిని విషయము శ్రీమతి సుభద్ర గారి అభిప్రాయమునకు పంపడమైనది. నలుబది ఎనిమిది గంటలలోగా వారు అభ్యంతరము తెలుపనిచో అంగీకారముగా భావించబడును.'

ఝాన్సీకి చదివి వినిపించాను. ఆమె మెల్లగా అడిగింది.

"మేష్టారూ, ఆంటీ పేరు ఇలా వాడుకుంటే మీకు కష్టంగా లేదాండీ?"

ఆ ప్రశ్న మా విశ్వవిద్యాలయంలో ఇంకెవరూ అడగలేదు. "ఉండాలమ్మా" అన్నాను. "కానీ మూడేళ్ల తర్వాత ఆవిడ పేరు మీద ఒక ఉత్తరం వచ్చింది. రెండుసార్లు చదువుకున్నాను."

ఆ రెండు రోజులూ ఆమె గంటకోసారి ఫోన్ చేసింది.

"ఆంటీ ఏమన్నా అన్నారాండీ?"

"ఇంకా ఏమీ అనలేదమ్మా."

"ఏమీ అనరు కదండీ?"

"నా విషయమైతే చెప్పలేను గానీ, నీ విషయంలో ఏమీ అనదు."

బుధవారం పదకొండున్నరకి గడువు దాటింది. సుభద్ర నేను చేసినదానికి అభ్యంతరం చెప్పకుండా రెండు రోజులు ఊరుకోవడం అదే మొదలు. హాల్‌టికెట్ వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: 'అభ్యర్థిని పరీక్షా సమయమున నడవవచ్చును. అయితే సిఫారసు చేసిన పర్యవేక్షకురాలు స్వయముగా హాజరై, మూడు గంటలూ అభ్యర్థిని నుండి దృష్టి మరల్చరాదు.'

పరీక్ష రోజున సుభద్రని పాత దుప్పట్లో చుట్టి ఆటోలో తీసుకెళ్లాను. డ్రైవర్ ఎవరికి పెళ్లి బహుమతని అడిగాడు. ఉద్యోగానికి వెళుతోందన్నాను. కేంద్రం గేటు దగ్గర గుర్తింపు కార్డు అడిగారు. ఉంది, మా వాళ్లు పంపారు, ఫోటోకే ఫోటో తీసి. ఇచ్చాను. పోల్చి చూసుకుని, సరిపోయిందని లోపలికి పంపారు. నన్ను మాత్రం ఆపేశారు. సహాయకులకి లోపలికి ప్రవేశం లేదట.

"అమ్మగారికి కిటికీ దగ్గర కుర్చీ వేశామండి" అని అటెండర్ వచ్చి చెప్పాడు. "టీ తాగుతారా?"

"తాగరు."

"రిజిస్టర్లో పేరుంటే టీ ఇవ్వాలండి." తెచ్చి నా చేతిలో పెట్టాడు. అల్లం వేసిన టీ. అడగకుండా ఒకరు టీ ఇచ్చి చాలాకాలమైంది.

గేటు బయటి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. అక్కడి నుంచి ఆ గది కిటికీ ఒక్కటే కనబడుతుంది. ఝాన్సీ తల అటు నుంచి ఇటు వెళుతుంది, ఆగుతుంది, కాసేపు మాయమవుతుంది, మళ్లీ ఇటు నుంచి అటు. నేనూ లెక్కపెడుతూ కూర్చున్నాను. నడుస్తోందంటే ఆలోచిస్తోంది. మొదటి గంటలో నలభై రెండుసార్లు. రెండో గంటలో ముప్ఫై. నా జీవితంలో ఒక్కచోట అంతసేపు చూపు నిలిపింది అప్పుడే, దానికి దీపం లేదు.

మూడో గంటలో ఆమె కనబడటం మానేసింది.

పది నిమిషాలు. ఇరవై. కూర్చోబెట్టేశారేమో అనుకున్నాను. కొత్త ఇన్విజిలేటర్ ఎవరో వచ్చి షరతు చదవకుండా కేకలేశారేమో. కూర్చుని ఇప్పుడు ఫ్యాను తిరగడం చూస్తోందేమో. లేచి గేటు దాకా వెళ్లాను. "సహాయకులు కూర్చోవాలండి" అన్నాడు కానిస్టేబుల్. వచ్చి కూర్చున్నాను. కాలు ఊపుతున్నానని కాసేపటికి తెలిసింది. ఎవరూ నన్ను బయట నిలబెట్టలేదు, నేను బయటే ఉన్నాను గనక.

గంట కొట్టగానే నా ఫోన్ మోగింది. డైరెక్టర్ గారు.

"నివేదిక కోసం చేశాను. మూడు గంటలూ పర్యవేక్షకురాలు అభ్యర్థిని మీది నుంచి దృష్టి మరల్చలేదు కదా?"

"లేదండి. రెప్ప కూడా వేయలేదు."

"అద్భుతం. అటువంటివారు మనకింకా కావాలి శంకరం గారూ" అన్నారాయన. ఆ మాటలో తప్పేమీ కనబడలేదు నాకు.

ఝాన్సీ బయటికొచ్చింది. వేళ్లకి సిరా, చంకలో సుభద్ర. దుప్పటి నేను చుట్టినదానికన్నా పద్ధతిగా చుట్టి ఉంది.

"అన్నీ రాసేశానండి మేష్టారూ. ఆఖరిది కూడా. మూడు అడిషనల్ షీట్లు తీసుకున్నాను. ఎప్పుడూ పేపర్ పూర్తి చేయలేదండి నేను, ఎప్పుడూ."

"మరి ఆఖరి గంటలో ఏమైందమ్మా? కనబడలేదు. హడలిపోయాను. కూర్చోమన్నారా?"

ఆమె ఒక్క నిమిషం నా వైపు అర్థం కానట్టు చూసింది. తర్వాత తనకే ఆశ్చర్యమైనట్టు నవ్వింది.

"ఎవరూ ఏమీ అనలేదండి. రాసుకుంటూ, నడవడమే మర్చిపోయాను."